ఫైలకా కోట ఫొటోలో ఓబులేసుకి చోటు లేదట

బ్రిటన్‌లో రోమన్ల కోట తవ్వకాలు చూడాలని రెండేళ్లుగా నా కోరిక. వీసా రాలేదు. మూతి ముడుచుకుని కూర్చుంటే మా ఆవిడ, "ఇక్కడే గల్ఫ్‌లో, ఫైలకా దీవిలో గ్రీకుల కోట ఉందిగా, తవ్వుతున్నారట, అది చూసి రండి" అంది. జనవరిలో ఒక శనివారం ఉదయం ఏడింటికి మేముండే ఫింటాస్‌లో టాక్సీ ఎక్కాను. సాల్మియా రేవుకి నాలుగు దీనార్లు, పడవకి రానుపోను ఐదు. సముద్రం మీద గంటసేపు ప్రయాణం.

కోట దగ్గర తాడు కట్టి ఉంది. లోపల ఒకాయన చీపురుతో తన అడుగులు తనే చెరుపుకుంటూ వెనక్కి నడుస్తున్నాడు. మనవాడిలా ఉన్నాడే అని పలకరించాను. పేరు ఓబులేసు, రాయచోటి దగ్గర పల్లె, మట్టి గోడలు పెట్టే కుటుంబం.

వెనకున్న పాత ఇటుకల గోడ చూపించి, "ఆ గోడ కనిపెట్టింది నేనే సార్. ఉత్త మన్నే అని తవ్వేయమన్యారు. నేను తాగే నీళ్లు చల్లి చూసినా. మన్ను తొందరగా ఆరిపాయ, ఇటుకలు పచ్చిగానే ఉండాయి. గడ్డపార పక్కన పెట్టేసినా."

"మరి అడుగులెందుకు చెరుపుతున్నావు?"

"ఫొటో తీస్తారు సార్. మనుషులు, అడుగులు ఏవీ కనపడగూడదు. కొలత కట్టె ఒకటే ఉండాల."

తవ్వకాల్లో ఆ పద్ధతి ఉందని నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టను. ఆ ఫొటో అయ్యాక ఓబులేసు ఫోర్‌మన్‌ని బతిమాలాడు. రేపట్నుంచి తనని సబ్హాన్ గోడౌన్‌కి మారుస్తున్నారు, మళ్లీ ఈ దీవికి రాడు. గోడ పక్కన ఒక్క ఫొటో దిగి ఇంటావిడకి పంపుకుంటానన్నాడు.

"ఖలాస్! పనివాళ్లకి ఫొటోలు లేవు. యల్లా, బయటికి రా" అన్నాడు ఫోర్‌మన్ అరబ్బీ కలిపిన హిందీలో.

అప్పటికి మా పడవలో వచ్చినవాళ్లంతా తాడు మీదికి వంగి సెల్ఫీలు దిగుతున్నారు. వాళ్లకి కోట చూపించే గైడ్ ఆ గోడని "నిపుణులు కనిపెట్టారు" అని చెబుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కనిపెట్టినవాడు నీ ఎదురుగానే చీపురు పట్టుకుని ఉన్నాడు కదయ్యా!" అని అరిచాను.

"మాకిచ్చిన కాగితంలో ఆ పేరు లేదు సార్" అన్నాడు.

"గొడవొద్దు సార్" అంటూ ఓబులేసు తాడు ఇవతలికి వచ్చేశాడు. "ఈడ్నుంచే తీయండి." తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. నేను ఫోన్ ఎత్తగానే పక్కకి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. "నేను అడ్డం లేను కదా సార్? గోడ బాగా కనపడాల."

మూడింటి పడవలో తిరిగొస్తున్నంతసేపూ నా కోపం దిగలేదు. ఇప్పటికీ దిగలేదు. ఆ కాలపు కూలివాడి వేలిముద్ర ఇటుక మీద కనిపిస్తే అద్దాల పెట్టెలో దాచుకుంటాం. ఇవాళ్టి కూలివాడి అడుగుని వాడి చేతే ఊడ్పిస్తాం. ఇది ఏ శాస్త్రమో నాకు అర్థం కాలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. శుక్రవారం వెళ్లకండి. ఆ రోజు తవ్వేవాళ్లకి సెలవు, గైడ్ ఒక్కడే ఉంటాడు.