క్లీనర్ సీట్లో ఆడమనిషి

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మా ఆయనకు ఎక్కడుంటుందో పెళ్లైన ఇన్నేళ్లకూ కనిపెట్టలేకపోయాను. ఆయన డీసీఎం లారీ డ్రైవరు. తూప్రాన్ అవతలి పల్లెల నుంచి టమాటా ఎత్తి పొద్దున్నే బోయిన్‌పల్లి మార్కెట్లో దింపుతాడు. నేను బొల్లారంలో ఓ చిన్న ప్రైవేటు బళ్లో సోషల్ చెబుతాను. పాఠాలు చెప్పే జబ్బు ఇంటికొచ్చినా వదలదు కదా. అన్నం ముందు కూర్చోబెట్టి ఆయనకు డ్రైవర్ల హక్కులు చెప్పేదాన్ని. బండి తాళంచెవి లాక్కునే అధికారం ఎవరికీ లేదు, కాగితాలు ఫోన్లో చూపించినా చెల్లుతాయి, లైసెన్సు పట్టుకుపోతే రసీదు ఇచ్చి తీరాలి, నోరు తెరిచి అడగండి అని పోరు పెట్టేదాన్ని.

ఆయన పప్పు కలుపుకుంటూ, "నువ్ చెప్పేది కరెక్టే. వాళ్లకు సుత తెల్సు," అనేవాడు.

"తెలిసీ మీరు చేతులు కట్టుకు నిలబడితే ఎలాగండీ?"

"నిలబడ్తే జెర సేపట్ల పంపిస్తరు. రూల్ మాట్లాడ్తే బండి పక్కకు పెట్టమంటరు. ఎండల పెట్టినంక టమాటా నా మాట ఇంటదా?"

ఆ జవాబుకు నాకు ఒళ్లు మండేది. మాది కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ మేష్టార్ల కుటుంబం. చేతులు కట్టుకునే పిల్లల్నే చూశాను గానీ పెద్దవాళ్లను చూడలేదు.

ఈ మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఒక సెలవు వచ్చింది. నేనూ వస్తానని బండెక్కాను. ఆయన పనిచేసే చోటు ఎలా ఉంటుందో చూడాలని ఎప్పటి నుంచో కోరిక. ఆయన వద్దనలేదు. దుప్పటి మడతపెట్టి క్లీనర్ సీటు మీద పరిచి, "టీచరమ్మ కూసుంటది, మురికి అంటొద్దు," అని ఆటపట్టించాడు. వెళ్లేటప్పుడు దారి పొడుగునా చూపిస్తూనే ఉన్నాడు. ఇక్కడ చాయ్ బాగుంటది, ఇక్కడ గేర్ మార్చాలె, ఈ మలుపు కాడ గొర్లు అడ్డమొస్తయ్ అని. ఇంట్లో అన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నాకు భలే సంతోషంగా ఉండింది.

టమాటా ఎత్తుకుని తిరిగి వస్తుంటే మేడ్చల్ ఇంకా రాకముందే తనిఖీ వాళ్లు ఆపారు. చెయ్యి ఊపడం చూశాడో లేదో, ఆయన మనిషే మారిపోయాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు, కాగితాల కవరు తీసుకున్నాడు, బండి పూర్తిగా ఆగీ ఆగకముందే దూకి అధికారి దగ్గరకు పరుగున పోయాడు. అద్దంలోంచి చూస్తున్నాను. ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు, చూడలేక తల పక్కకు తిప్పుకున్నాను.

ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పొల్యూషన్, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పట్టుకోవడానికి ఏమీ దొరక్క కాబోలు, ఆ అధికారి బండి దగ్గరకు నడిచి వచ్చి పైకి చూశాడు.

"ఎవర్రా ఆమె?"

"నా భార్య సార్."

"దిగమను."

దిగాను. అతను నా నుదురు చూశాడు, మెడ చూశాడు, కాలి వేళ్లు చూశాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "తాళి లేదు, బొట్టు లేదు, మెట్టెలు లేవు. ఏడ ఎక్కించుకున్నవ్ రా?" అన్నాడు.

మా క్రైస్తవ సంఘంలో అవేవీ ఉండవు. పెళ్లిలో ఉంగరం కూడా మార్చుకోం. సంఘమంతా చూస్తుండగా ఆయన నాకొక బైబిలు ఇచ్చాడు, నేను ఆయనకొకటి ఇచ్చాను, అదే మా పెళ్లి. బొల్లారంలో ఇది ఎవరికీ వింత కాదు. ఆ రోడ్డు మీద మాత్రం లారీలో బోసి మెడతో కూర్చున్న ఆడమనిషికి ఒకటే అర్థం. ఇంత నోరున్నదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. గూడ్సు బండిలో ఎవరెక్కారని అడగడం వాళ్ల పనే, కాదనను. కానీ నా మెడ వెతికే పని ఎవరిచ్చారు? తాళంచెవికి, లైసెన్సుకు నేను చెప్పిన పాఠాల్లో దీనికి జవాబు లేదు.

ఫోన్ తీసి పెళ్లి ఫోటో కోసం వెతకడం మొదలుపెట్టాను. మా ఆయన వచ్చి నా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూపియ్యకు," అన్నాడు.

తర్వాత అధికారి వైపు తిరిగాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. "సార్, బండిది ఏదడిగినా ఇస్త. లైసెన్స్ తీస్కోండ్రి, కేస్ రాస్కోండ్రి. ఆమెను మాత్రం ఏం అడగొద్దు."

"ఏందిరా, గొంతు లేస్తుంది?" అంటూ అధికారి తాళంచెవి పీకించి, బండి పక్కనే ఉంచమన్నాడు.

అలా ఉండిపోయాం. మా తర్వాత టమాటా ఎత్తిన బండ్లన్నీ మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. రైతు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, వేలం మొదలైందని, ఎక్కడున్నారని. ఎండ టార్పాలిన్ మీదికి వచ్చింది. మా ఆయన టైరు పక్కన కదలకుండా నిలబడ్డాడు. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు, చెప్పుకోవడానికి మొహమాటమేముంది. కానీ నా కాళ్లు ఒక్కచోట నిలవలేదు. ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. రైతు పంట కుళ్లిపోతుందనే భయం ఒకటి, ఆ అధికారి మళ్లీ నా వంక చూస్తాడేమోనని ఇంకో భయం. ఇక పట్టలేక బ్యాగులోంచి బడి ఐడీ కార్డు తీసి, తిన్నగా వెళ్లి అతని ముందు పెట్టాను.

"నేను టీచర్నండీ."

కార్డు చూశాడు, నన్ను చూశాడు, కుర్చీలోంచి లేచాడు. "ముందే చెప్పొచ్చు కద మేడమ్. సారీ మేడమ్, డ్యూటీల ఉంటం, ఏమనుకోకుండ్రి."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అని ఊరికే అన్నారా. ఆ కార్డులో నేను టీచర్నని ఉంది గానీ ఈయన భార్యనని ఎక్కడుంది? పెళ్లి సంగతి అతనికి మళ్లీ గుర్తే రాలేదు. తాళంచెవి మా ఆయన వైపు విసిరి, "నడువ్ రా, తియ్ బండి," అన్నాడు.

మేడ్చల్ దాటేదాకా నేనే వాగుతున్నాను. చూశారా ఎలా దిగొచ్చాడో, ముందే తియ్యాల్సింది ఆ కార్డు అని. ఆయన మొహం ముడుచుకుని బండి తోలుతున్నాడు. కొంపల్లి కూడా వెనక్కి పోయింది.

"ఏవండీ, నేనేం తప్పు చేశాననీ?"

"తప్పేం లేదు."

"మరి ఆ మొహం ఏమిటి?"

"నీకు సారీ చెప్పిండు," అన్నాడు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

నాకు అప్పుడు తట్టింది. ఆపింది మొదలు పంపేదాకా ఆ అధికారి ఈయన్ను 'రా' అనే అన్నాడు. నా మేడమ్ పిలుపు సంబరంలో పడి నేనా మాట విననే లేదు. తల నుంచి కాళ్ల దాకా మళ్లీ మంట లేచింది.

"ఆపండి బండి. వెనక్కి తిప్పండి. మీకూ సారీ చెప్తేనే కదులుతా అక్కణ్ణుంచి."

ఆయన బండి ఆపలేదు. సుచిత్ర చౌరస్తాలో సిగ్నల్ పడ్డాక బ్రేకు వేసి నా వైపు తిరిగాడు.

"నువ్వు రేపు బడికి పోతవ్," అన్నాడు. "నేను రేపు మల్ల గా మనిషి ముంగట్నే ఆగాలె."