వెలుతురు పట్టిన పూస

వెలుతురు ఒక వస్తువును పట్టి నిలబెడుతుందన్న వార్తను మా మెట్టుగూడ ఇంటికి మొదట మోసుకొచ్చింది మల్కాజ్‌గిరిలో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క. చెప్పులు విడవకముందే షురూ చేసింది.

"ఏందే, నీకు ఎరుకేనా? నీ బిడ్డ లైటుతోని పూసను పట్టిందంట! చేత్తో గాదు, చిమ్టాతో గాదు, ఉత్త లైటుతోని. ఇప్పుడే నాకు ఫోన్ జేసింది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఏడుస్తవని."

నిజమే, ఏడ్చాను. ఆ ఒక్క పూస కోసం నా కూతురు ఎన్ని పండుగలు వదులుకుందో నాకు తెలుసు.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పాడు. అందుకని నా బిడ్డ నాకు ఏదైనా విడమరిచి చెబుతుంది. ఆ సాయంత్రం టీ తాగుతూ చెప్పింది. నీటి చుక్కలో కంటికి ఆననంత చిన్న గాజుపూసలు వేస్తారట. అవి ఊరికే ఉండవు, వణుకుతూ తిరుగుతుంటాయి. లేజర్ కాంతిని సూదిమొన కన్నా చిన్న చోటికి కుదిస్తే పూస అక్కడికి వచ్చి ఆగుతుంది. కాంతిని జరిపితే వెంట జరుగుతుంది. సూక్ష్మదర్శినికి బిగించిన కెమెరా అదంతా తెరమీద చూపిస్తుంది.

అయితే కొన్నాళ్లకు, డాక్టరేటు చివరి పరీక్షకు వచ్చే పెద్దాయన ఆమె రాసిన సిద్ధాంత గ్రంథం చదివి ఒక అనుమానం పెట్టాడు. పూసను కదిలిస్తున్నది కాంతేనా, లేక నీళ్లే మోసుకుపోతున్నాయా? "నా కళ్లెదుట చూపించాలి" అన్నాడు. చూపిస్తే డాక్టరేటు. లేకపోతే పని మళ్లీ మొదటికి.

పరీక్ష రోజు ల్యాబుకు ఇంటివాళ్లు కూడా రావచ్చన్నారు. నేనూ వదినా వెళ్లాం. మా వదిన సంగతి చెప్పాలి. కొత్త స్కూటరైనా, ఆపరేషనుకు పోయే మనిషైనా, ఆగిపోయిన మిక్సీ అయినా, చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యనిదే వదలదు. మా చర్చి సంఘంలో అందరికీ ఉన్న అలవాటే, ఆమెకు కాస్త ఎక్కువ.

ల్యాబు మధ్యలో మంచమంత ఇనుపబల్ల, దానిమీద సూక్ష్మదర్శిని. తెరమీద ఒక పూస కాంతిలో చిక్కి నిలబడింది. నా బిడ్డ నీటిని మెల్లగా పారించింది. మిగతా పూసలన్నీ కొట్టుకుపోతున్నాయి, అదొక్కటే కదలడం లేదు. పెద్దాయన తెర దగ్గరికి వంగాడు. సరిగ్గా అప్పుడే మా వదిన కళ్లు మూసుకుని, రెండు చేతులూ బల్లమీద గట్టిగా ఆనించి, "ప్రభువా, ఈ మిషన్‌ను దీవించు" అని అందుకుంది.

అది గాలి దిండ్లమీద తేలే బల్లట. ఊగింది. పూస జారి నీళ్లతో పోయింది.

"అత్తా, చెయ్యి తియ్యి!"

"జెర ఆగు బిడ్డా, ఆమెన్ గానీ!"

 పెద్దాయన ఇటు తిరిగాడు. కోపగిస్తాడనుకున్నాను.

"పట్టు ఉన్నంతసేపు నీళ్లకు నిలిచింది, పట్టు తప్పగానే నీళ్లతో పోయింది. నా అనుమానం సగం తీరింది" అన్నాడు. "ఇంకోదాన్ని పట్టమ్మా. ఈసారి నీళ్లకు ఎదురు నడిపించు."

నా బిడ్డ కాంతిని మళ్లీ సరిచూసుకుంది. ఒక పూస కొట్టుకొస్తుంటే దాని దారిలో కాంతిని నిలిపి ఉంచింది. ఆగింది. తర్వాత ఏటికి ఎదురీదే చేపపిల్లలాగా ఆ పూస ప్రవాహానికి ఎదురుగా నడిచింది. తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా! పెద్దాయన చప్పట్లు కొట్టి, "శభాష్ డాక్టర్" అన్నాడు. దేవా, నీకు స్తోత్రం అనుకున్నాను. 

"చూసినవా, నా ప్రార్థన ఊకనే పోతదా?" అంది వదిన.

"అత్తా, ఇంకో రెండు మాటలు ప్రార్థన చేసుంటే నా డిగ్రీ పోయేది."

అందరికన్నా గట్టిగా నవ్వింది వెనక నిలబడిన ఒక అమ్మాయి, సీతాఫల్‌మండిలో ఉంటుంది. అదే ల్యాబులో పనిచేస్తుంది. ఆ వారమంతా యంత్రం తన వంతే అయినా, నా బిడ్డ సాధన చేసుకోవాలని ఇచ్చేసిందట. తాను పట్టాలని చూస్తున్నది గాజుపూసల్ని కాదు, ప్రాణమున్న కణాల్ని. అవి ఇంకా కాంతికి చిక్కడం లేదు, అడుగున గాజుకే అతుక్కుంటున్నాయి. బయటికొస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, నా కోసం సుత ప్రార్థన చెయ్యుండ్రి. గని ఇంట్ల గూసొని చెయ్యుండ్రి!"

ఇంట్లోనే కూర్చుని చేస్తున్నాను. ఆమె పరీక్ష ఇంకా ముందుంది. ఇది చదివిన మీరూ మీ ప్రార్థనలో ఆ అమ్మాయిని జ్ఞాపకం చేసుకోండి.