గడియారాలాయన నాలుక పరీక్ష

గడియారాలు బాగుచేసే ఆయన వారమంతా కంటికి భూతద్దం తగిలించుకుని, చీమ తలకాయంత చక్రాలతో బతుకుతాడు. ఆదివారం మాత్రం ఆ కంటికి సెలవు. సముద్రం ఒడ్డుకు పోయి, అలలు కడిగి ఆరబోసిన గులకరాళ్లను ఒక్కొక్కటే ఏరి నాకుతాడు.

పిచ్చి కాదు. ఏనాటివో జంతువుల ఎముకలు రాళ్లుగా మారి గులకరాళ్లలో కలిసిపోతాయనీ, వాటి సన్నటి రంధ్రాలు తడి పీల్చి నాలుకను పట్టుకుంటాయనీ ఎక్కడో విన్నాడు. మామూలు రాయి జారిపోతుంది, ఎముక వదలదు. అలా వదలనివన్నీ ఇంటికి చేరాయి. కిటికీ గట్టు మీద, మంచం కింద, చెప్పుల అరలో ఒక పాతకాలపు సముద్రం మెల్లగా కాపురం పెట్టింది.

"ఇది ఇల్లా, సముద్రపు రేవా?" అనేది భార్య.

ఈమధ్య స్నానాల గది నేల తవ్వించారు. మళ్లీ పోయడానికి కంకర చాలదన్నాడు తాపీ మేస్త్రి. ఆమె కళ్లు కిటికీ గట్టు మీద వాలాయి.

"రేపు మేస్త్రి వస్తాడు. ఈలోగా ఒక్కటంటే ఒక్కటి ఎముకని తేలిందా, అన్నీ ఉంటాయి. లేదా, అన్నీ నేల కిందికే."

ఆయన వెంటనే వెళ్లి, మ్యూజియంలో పనిచేసే అమ్మాయిని బతిమాలి ఇంటికి పిలిచాడు.

ఆ అమ్మాయి ఆయన భూతద్దమే అడిగి తీసుకుని, ఒక్కో రాయినీ వెలుగులో తిప్పింది.

"ఇది ఇటుక ముక్క, మాస్టారూ. అలలకి అరిగింది."

"నాలుకకి అంటుకుందమ్మా!"

"ఇటుక కూడా అంటుకుంటుంది. ఇది పెంకు. ఇది... పూలకుండీ అనుకుంటా."

"అంటే ఇన్నాళ్లూ ఊళ్లో ఇళ్లన్నీ నాకొచ్చారన్నమాట!" వంటింట్లోంచి వినిపించింది భార్య గొంతు.

"విరిగిన చోట చూడాలండీ. ఎముకైతే పైన గట్టి పొర, లోపల స్పాంజిలా చిన్న చిన్న గదులు. నాలుక కన్నా కన్ను నయం."

ఇన్నేళ్లూ అన్నం పెట్టిన కంటిని కాదని, పైసా సంపాదించని నాలుకను నమ్మినందుకు ఆయన తల దించుకున్నాడు.

ఆ అమ్మాయి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి, కుళాయి గట్టు మీద ఎండుతున్న రాయొకటి పట్టుకుని పరుగున వచ్చింది.

"ఇదెవరిది?"

"నాది. మడమలు రుద్దుకుంటా," అంది భార్య. "పెళ్లయిన కొత్తలో పువ్వు తెమ్మంటే ఈ మహానుభావుడు తెచ్చింది."

"ఇది ఎముకండీ! ఏదో పెద్ద సముద్రజీవిది."

గడియారాలాయన ఎగిరి గంతేశాడు. "తేలింది! అన్నీ ఉంటాయి!"

"తేలింది నా రాయి. మీవి కావు."

"ఏరింది నేను!"

"అరగదీసింది నేను!" ఆమె రాయి అందుకుని ఆయన ముందు పెట్టింది. "సరే, మీ పరీక్ష ఉందిగా. నాకండి. అంటుకుంటే మీ రాళ్లూ ఉంటాయి."

ఆయన రాయి వైపు చూశాడు. భార్య మడమల వైపు చూశాడు. ఇటుకలూ పెంకులూ దిక్కులేని పిల్లల్లా ఆయన వైపే చూస్తున్నట్టున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుని నాలుక చాపాడు.

అంటుకుంది.

"ఎలా ఉంది?"

నాలుక రాయి పట్టులో ఉంది. తల మాత్రం ఊపాడు.

"ఇన్నేళ్లకి ఎదురు చెప్పకుండా విన్నారు!" అంటూ ఆమె ఫోన్ తీసి, రేపు వచ్చేటప్పుడు కంకర తెచ్చుకోమని మేస్త్రికి చెప్పింది.