నీలం ఫ్రేము మీద సుద్దగీత

పెద్దనాయన పోయినాడని అమ్మ ఫోను చేసినప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తున్నాను. మధ్యాహ్నం అన్నం తిని, షాపులోనే బల్ల మీద నడుం వాల్చినాడట. మూడింటికి టీ తెచ్చినతను లేపితే లేవలేదట.

నాకు ముందు ఏడుపు రాలేదు. ముందు ఒక నీలం సైకిలు ఫ్రేము గుర్తుకొచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అది దాచిపెట్టి ఆయన గురించి రాస్తే ఆ రాత అబద్ధమవుతుంది.

మా నాయనకు అన్న ఆయన. తిరుపతిలో రేణిగుంట రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో సైకిలు షాపు. పొద్దున్నే స్టేషనుకు సైకిలు తొక్కి, అక్కడ పెట్టి, రైలెక్కి శ్రీ సిటీకి పనికి పోయేవాళ్లు ఆయన పాత గిరాకీ. ఈ మధ్య ఆదివారాలు కొండ కింద రాళ్లబాటల్లో తొక్కే ఉద్యోగస్తులు కూడా రావడం మొదలుపెట్టినారు. వాళ్లంతా అడిగేది ఒకటే. ఆఫీసుకూ పనికిరావాలి, కొండదావకూ పనికిరావాలి, ఏ ఫ్రేము తీసుకోవాలి?

పెద్దనాయన ఎప్పుడూ నేరుగా జవాబు చెప్పలేదు. ఎదురు ప్రశ్నలు వేసేవాడు. వెనకాల ఏం కట్టుకుంటావు? ఎవరినైనా ఎక్కించుకుంటావా? ఎక్కడ దిగి తోస్తావు? ఆ చివరి ప్రశ్నకు చాలామంది మొహమాటపడేవారు. దిగి తోయని మనిషి లేడని ఆయన నవ్వేవాడు. అన్నీ విన్నాక, "రోడ్డుకు పొడుగు బండి, దావకు పొట్టి బండి" అనేవాడు. పొడుగు ఫ్రేము బరువు మోస్తుంది, గుంతల్లో ఒళ్లు కుదిపేయదు. పొట్టిది రాళ్ల మధ్య చెప్పిన పక్కకు తిరుగుతుంది. ఏదైనా సరే, అది ఉక్కుదై ఉండాలి.

"ఇనుము చెప్పి పోతాది పాపా. తక్కినవి చెప్పకుండా పోతాయి."

విరిగే ముందు ఇనుము వంగుతుంది, కిర్రుమంటుంది, అతుకు దగ్గర పెయింటు చిట్లుతుంది. వినేవాళ్లు ఉండాలి, అంతే. పాత ఫ్రేము ఏది వచ్చినా దాన్ని తీగకు వేలాడదీసి, స్పానరు వెనక వైపుతో ఒక్కొక్క గొట్టాన్నీ తట్టేవాడు. మంచి ఫ్రేము మోగితే ఆ మోత సాగుతూ పోయి సన్నబడుతుంది. ఎక్కడైనా పగులుంటే సగంలో తెగిపోతుంది. ఆఖరుదాకా వినాల, నడిమధ్యలో తీర్పు చెప్పరాదు అనేవాడు.

నాలుగేళ్ల కిందట ఆయనకు చెవులు మందగించినాయి. పెద్దమ్మ పోరి చెవిమిషను పెట్టించింది. రెండు వారాలకు అది బేరింగు గోళీల డబ్బాలో దొరికింది. దాంట్లో బస్సు హారను వినబడతాది గానీ ఫ్రేము వినబడదు అన్నాడు.

సాయంత్రాలు నేను ఆ షాపులో ముక్కాలిపీట మీద కూర్చుని చదువుకునేదాన్ని. మా ఇంట్లో టీవీ గోల, అక్కడ గాలి కొట్టే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఒకరోజు ఆయన ఫ్రేము తట్టి, దాన్ని కాకుండా నా మొహం చూసినాడు. నేను పుస్తకం మూసి, మోత అయిపోయేదాకా విని, తల ఊపినాను. మర్నాడు మళ్లీ అలాగే. అలా ఆయనకు చెవులు నేనైనాను. దాని గురించి మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు. గిరాకీలకు తెలియదు. ఆయనే వింటున్నాడనుకునేవారు.

నాకు ఆ పని సరిపోయింది. కాన్వెంటులో అడిగితేగానీ నోరు తెరవకూడదని నేర్పినారు. నేను అడిగినా తెరవడం మానేశాను. ప్రతి ప్రోగ్రెసు కార్డులో సిస్టర్లు నా నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటూ రాసేవారు. పెద్దనాయన ఒక్కడే దాన్ని పనిలో పెట్టినాడు.

ఇక నీలం ఫ్రేము సంగతి.

చంద్రగిరి వైపు అడవిలో వాచరుగా చేసే ఒకాయన ఉన్నాడు. ఇంటి నుంచి చెక్‌పోస్టు దాకా తారురోడ్డు, అక్కడి నుంచి లోపలికి రాళ్లదావ. రోజూ రెండూ తొక్కాలి, కొనగలిగేది ఒక్క సైకిలే. షాపులో రెండు ఫ్రేములు ఉన్నాయి. ఒకటి నల్లది, పాతకాలం పొడుగు ఫ్రేము, బరువు. ఇంకొకటి నీలంది, మద్రాసు నుంచి సెకండుహ్యాండులో వచ్చింది. సన్నటి గొట్టాలు, ఒంటిచేత్తో ఎత్తవచ్చు, కొండదావకని చేసింది. వాచరు కళ్లు నీలం దాని మీద పడినాయి. పెద్దనాయన దాన్ని వేలాడదీసినాడు.

"ఏం సామీ, సైకిలుకు జాతకం చూస్తా ఉండావా?" అన్నాడు వాచరు.

"జాతకం కాదప్పా, నాడి."

తట్టినాడు. సరిగ్గా అప్పుడే సందులోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. కింద, పెడళ్ల ఇరుసు దగ్గరి అతుకు మోత నాకు సగమే అందింది. తెగిందో, ట్యాంకరు మింగేసిందో తెలియలేదు. మళ్లీ తట్టమని చెప్పాలి. అంటే నోరు తెరిచి చెప్పాలి, వాచరు ఎదుట. అప్పుడు పెద్దనాయనకు వినబడదన్న సంగతి బయటపడుతుంది. అది సాకు. అసలు సంగతి, ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను గబుక్కున తల ఊపేసినాను.

వాచరు సంతోషంగా వెళ్లిపోయినాడు. వారంలో బిగించి ఇస్తానన్నాడు పెద్దనాయన.

మర్నాటి నుంచి నేను షాపుకు పోలేదు. లైబ్రరీలో పుస్తకాల లెక్క ఉందని అమ్మతో చెప్పి పంపినాను. చెప్పాలని రోజూ అనుకున్నాను. ఇవాళ వద్దు, రేపు. అలా మూడు వారాలు. ఆ మనిషి అడవిలో ఒంటరిగా దిగుడు దిగుతుంటే ఆ అతుకు ఊడిపోవడం కళ్లముందు ఆడేది. ఆ తర్వాత ఫోను వచ్చింది. ఇక చెప్పుకోవడానికి ఆయన కూడా లేడు.

పోయిన మూడో రోజు, పాలు పోసే రోజున ఇంటి నిండా చుట్టాలు. వాకిట్లో ఒక సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. వాచరు. చెక్కుచెదరకుండా ఉన్నాడు. నా కళ్లు ఆయన మీద నిలవలేదు, సైకిలును చూసినాను. నల్లది.

అంతమంది మధ్యలో నేనే ముందు మాట్లాడినాను. మా అమ్మ తిరిగి చూసింది.

"నీలం ఫ్రేము యాడ?"

"నాకు ఇయ్యలేదు పాపా" అన్నాడు వాచరు. రెండో రోజే పెద్దనాయన కబురు పెట్టినాడట. వెళ్లేసరికి నీలం ఫ్రేము కింది అతుకు దగ్గర పెయింటంతా గీకేసి ఉంది. వెంట్రుకంత పగులు. దానికి సుద్దముక్కతో చుట్టూ గీత గీసి చూపించినాడట.

"నిన్న బాగుండాదంటివే సామీ, ఈ పొద్దు ఎట్ల కనుక్కున్యావు అని అడిగినా. నాకు చెవులు వినబడవప్పా, మా పాప వింటాది అన్నాడు. నిజంగా విన్యప్పుడు ఆ బిడ్డ నిదానంగా తలాడిస్తాది, నిన్న గబుక్కున ఆడించినాది, అప్పుడే అనుమానమొచ్చె అన్నాడు."

నేను గోడకు ఆనుకున్నాను. ఛాతీ మీద మూడు వారాలుగా ఉన్న బరువు పోయింది. ఏడుపు అప్పుడొచ్చింది. చుట్టాలు అది దుఃఖమే అనుకున్నారు. సగం నిజమే.

నీలంది కావాలని వాచరు మారాం చేసినాడట. దాన్ని అతికించి ఇమ్మన్నాడట. అతికించిన చోటును రోడ్డు మీద నమ్ముతా, అడవిలో నమ్మను అన్నాడట పెద్దనాయన. దావకు నీలందే మంచిది, రోడ్డుకు నల్లదే మంచిది, నీకు మాత్రం ఇంటికి తిరిగి తెచ్చేది మంచిది అని చెప్పి, నల్లదానికి లావు టైర్లు, ఎత్తు ఎక్కడానికి వెనక పెద్ద పళ్లచక్రం వేసి ఇచ్చినాడు. బరువుగా ఉందని వాచరు ఇప్పటికీ సణుగుతాడు. దిగి తోస్తున్నానని కూడా ఒప్పుకుంటాడు.

"పగిలిందాన్ని ఎందుకు పెట్టుకుంటివి, పాత ఇనుముకు ఎయ్యరాదా అన్యా. పాప వస్తే చూపించాల, వస్తాదిలే అన్నాడు."

మర్నాడు పెద్దమ్మ దగ్గర తాళంచెవి అడిగి షాపు తెరిచినాను. ముక్కాలిపీట దాని చోటులోనే ఉంది. దాని ఎదురుగా, నేను కూర్చుంటే కళ్లకు సరిగ్గా అందే ఎత్తులో, నీలం ఫ్రేము వేలాడుతోంది. సుద్దగీత చెరగలేదు. ఆ మూడు వారాల్లో ఒక్క సాయంత్రమైనా పోయి ఉంటే ఆయనే చూపించేవాడు. కోప్పడేవాడు కాడు. అది మాత్రం నాకు తెలుసు.

స్పానరు తీసుకుని తట్టినాను. మోత మొదలై, టక్కున తెగిపోయింది. ట్యాంకరు తప్పేమీ లేదు.

వెనక స్టాండు చప్పుడైంది. షాపు తెరిచి ఉండటం చూసి వాచరు ఆగినాడు. డ్యూటీకి పోతున్నాడు. నల్లదాన్ని కూడా ఒకసారి చూస్తావా పాపా అన్నాడు. నేను కిందికి వంగి దాని ఇరుసు దగ్గరి అతుకును తట్టినాను. సందులో అప్పటికి బండ్లేవీ లేవు. మోత సాగింది, సన్నబడింది, ఇంకా సన్నబడింది. వాచరు హ్యాండిలు పట్టుకుని ఓపిగ్గా నిలబడినాడు. అంతా అయిపోయేదాకా నేను తల ఊపలేదు.

"బాగుండాది, పోయిరాన్నా" అన్నాను, బయటికే.

ఆయన ఎక్కి చంద్రగిరి వైపు తిరిగినాడు. లోపల నీలం ఫ్రేము తీగ మీద ఇంకా కొంచెం కొంచెం ఊగుతూ ఉంది, తెల్లటి సుద్దగీత ఒకసారి వెలుగులోకి, ఒకసారి నీడలోకి.