మొదటి రాయి

డేవిడ్‌రాజు మాస్టారిని టైమెంతయిందని అడిగినా జవాబు ఊరి హైస్కూలు పునాది దగ్గర్నుంచే మొదలయ్యేది. నందిగామ బస్సు ఎప్పుడొస్తుందని అడిగిన పాపానికి ఒకాయన మూడు బస్సులు పోగొట్టుకున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూడా రేకుల షెడ్డు కట్టిన ఏడాది దాకా చెప్పారట. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఫస్టు బెల్లుకి గేటు దగ్గర ఉంటారు.

నిరుడు బదిలీ మీద వచ్చిన హెడ్మిస్ట్రెస్ రాజ్యశ్రీకి ఇప్పుడా చరిత్రే కావలసి వచ్చింది. బడికి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయి. శిలాఫలకం మీద మొదటి రాయి వేసినవారి పేరుండాలి. జగ్గయ్యపేటలో రాయి చెక్కే సతీష్‌బాబు రోజూ ఫోను చేస్తున్నాడు.

"పేరు చెప్పండి మేడమ్. ఉలి పట్టుకుని కూర్చున్నా."

ఆమె ఊళ్ళో విచారించింది. మన బళ్ళో చదివే జయమణి నాయనమ్మ అన్నారు ఒకరు. కాదు, బుల్లిబాబు తాత అన్నారు ఇంకొకరు. సాయంత్రానికి ఏడుగురు తేలారు. ఏడిళ్ళలోనూ ఆ మాట చెప్పింది మాస్టారే. ఒక పేరు చెక్కిస్తే మిగతా ఆరిళ్ళవాళ్ళూ సభలోనే నిలదీస్తారు. ఆమె మాస్టారిని గేటు దగ్గరే పట్టుకుంది.

"ఒక్క రాయిని ఏడుగురెట్లా వేశారండీ?"

"బరువైన రాయమ్మా. ఆ రోజుల్లో..."

"పునాది వద్దు మాస్టారూ. పేరు చెప్పండి."

"నాకూ తెలీదు. స్థలమిచ్చినాయన పేరు గోడ మీదుంది. రాళ్ళు మోసింది ఊళ్ళో కూలివాళ్ళంతా. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలా."

రాజ్యశ్రీకి ఒళ్ళు మండింది. ఆ ఏడిళ్ళవాళ్ళనీ పిలిపించి నిజం చెప్పేద్దామని, వాళ్ళ పిల్లల చేత కబురంపడానికి హాజరు పట్టీలు తెరిచింది. ఆ పిల్లలు ఏడుగురూ మిరప కోతలప్పుడు బడి మానేసినవాళ్ళే. వారాల తరబడి ఆబ్సెంటు. తర్వాత ఉన్నట్టుండి ఒక రోజు నుంచి ఒక్క నాగా లేదు.

"వీళ్ళిళ్ళకి వెళ్ళారా మీరు?"

"చరిత్ర చెప్పడానికెళ్ళా," అన్నారు మాస్టారు. "తాత వేసిన రాయి మీద లేచిన బడంటే మానబుద్ధి కాదు కదమ్మా."

మర్నాడు ఆమె మాస్టారిని స్కూటీ ఎక్కించుకుంది. తొమ్మిదో తరగతి బెన్ని వారంగా రావడం లేదు. ఇంటి ముందు వాళ్ళమ్మ గ్రేసీ కూలికి బయల్దేరుతోంది. వెనక బెన్ని ఖాళీ గోతాలతో నిలబడి ఉన్నాడు.

"కోతలయ్యాక పంపిస్తానండీ."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపే రాజ్యశ్రీ అందుకుంది.

"మన బడికి మొదటి రాయి వేసిందెవరో తెలుసా గ్రేసీ? బెన్ని వాళ్ళ తాత."

"మా మామయ్యా?" గ్రేసీ కొడుకు చేతిలోంచి గోతాలు తీసుకుంది. "పోయి స్నానం చెయ్యరా. మేడమ్ నిలబడి ఉన్నారు."

అప్పుడే ఫోను మోగింది.

"మేడమ్, ఇవాళన్నా పేరు..."

"ఎనిమిది పేర్లు సతీష్‌బాబూ. పైన 'రాళ్ళు మోసినవారు' అని చెక్కండి. ఆ రాయి చాలదు, పెద్దది చూడండి."

వెనక నుంచి మాస్టారు నెమ్మదిగా అన్నారు.

"ఇంకాస్త పెద్దది చెప్పమ్మా. టెన్త్‌లో ఇద్దరు రావట్లా."