రవ్వల సూరి కట్టించిన సైకిలు

మా బావ అప్పలసూరి మెత్తటి ఇనుముని మనిషిని తిట్టినట్టు తిట్టేవాడు. కిటికీ ఊచ వంగితే తిట్టేవాడు. కొత్త గరిటె కాడ వంగితే దాన్ని చేసినవాడినీ, అమ్మినవాడినీ, కొనుక్కొచ్చిన మా చెల్లెలు తులసమ్మనీ వరసపెట్టి తిట్టేవాడు. ఆయన కోపానికి సగం కారణం ఆయన పనే. భిలాయి ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ముప్పై రెండేళ్లు పనిచేశాడు. కలిసిపోయిన కడ్డీలను సానరాయికి ఆనించి, లేచే నిప్పురవ్వలను బట్టి ఏది ఏ రకం ఇనుమో విడదీయడం ఆయన డ్యూటీ. సూటిగా పోయి ఆరిపోయే రవ్వలైతే మెత్తటిది. చివర చిట్లి, నక్షత్రాల్లా పేలితే గట్టిది, పట్టాలకు పనికొచ్చేది. ఆయన చెయ్యి తప్పిందని మిల్లులో ఎవరూ అనలేదు. అందుకే అందరూ రవ్వల సూరి అనేవారు. ఆ పేరు ఆయనకు ఇష్టం. ఇష్టమని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్లది చీపురుపల్లి దగ్గరి పల్లె. నేను ప్లాంటు ఆఫీసులో కాగితాల పని చేసేవాణ్ణి. భిలాయిలోనే, కోహ్కా పేటలో, వాళ్ల ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాళ్లం. మా మేనకోడలు ఛాయ అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. తెలుగు ఇంట్లో, హిందీ బయట. పన్నెండో ఏట సైకిలు ఎక్కింది, ఇక దిగలేదు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి దుర్గ్ నుంచి రాయ్‌పూర్ దాకా జరిగే పందేల్లో మగపిల్లల వెనకాలే వచ్చేది. తొంభై నాలుగో సంవత్సరం శీతాకాలంలో బిలాస్‌పూర్‌లో ఎంపిక పోటీ పెట్టారు. అందులో మొదటి ముగ్గురిలో వస్తే రైల్వేలో ఉద్యోగం. ఛాయ మరో దారి చూసుకోలేదు, ఆ పోటీ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంది.

చిక్కు ఫ్రేముతో వచ్చింది. క్లబ్బులో ఉన్న పందెం సైకిలు పొడుగు మనిషికి కట్టింది. ఛాయ పొట్టిది, కాలు కిందికి సాగదీస్తే గానీ పెడలు అందదు. చక్రాలు, చెయిను, హ్యాండిలు క్లబ్బువాళ్లు ఇస్తామన్నారు. ఫ్రేము ఒక్కటీ తన ఎత్తుకు చేయించుకుంటే చాలు.

"ఫ్రేము నాను సేయిస్తాను," అన్నాడు బావ. "ఇనుము ఎంచడం నాకొదిలెయ్."

"కోచ్ సార్ అల్యూమినియం అన్నారు నాన్నా. బాహర్ దేశాల్లో అదే వాడతారంట. హల్కాగా, తేలిగ్గా ఉంటుంది."

"కోర్బాలో తయారయ్యేదా? అది గిన్నెలకి. గిన్నె మీద నా కూతుర్ని ఎక్కిస్తానేటి?"

ఆ వారమంతా పెరట్లో సానరాయి తిరుగుతూనే ఉంది. నీళ్ల పైపు ముక్క పెట్టాడు, మంచం కోడు పెట్టాడు, ఏదో పాత కుర్చీ కాలు పెట్టాడు. అన్నిటినీ తిట్టి మూలకు విసిరేశాడు. శనివారం హథ్‌ఖోజ్ పాత ఇనుము దుకాణాల్లో తిరిగి, ఏ యంత్రంలోంచి విప్పారో తెలియని మందపాటి గొట్టం భుజాన వేసుకొచ్చాడు. దాన్ని రాయికి ఆనిస్తే పెరడంతా నక్షత్రాలే.

"సూడు బావా," అన్నాడు నాతో. ఆయన మొహం అంత వెలగడం అరుదు. "పట్టా ఇనుముకి తమ్ముడు ఇది. ఏనుగెక్కినా వంగదు."

అప్పుడు నేను నోరు మెదపలేదు. లైబ్రరీలో ఒక లోహాల పుస్తకం చదివి ఉన్నాను. గట్టి ఇనుముని అతికితే అతుకు పక్కన అది పెళుసెక్కుతుందని అందులో రాసి ఉంది. ముప్పై ఏళ్లు చేత్తో పనిచేసినవాడికి కాగితాలు తిప్పేవాడు చెప్పడమేమిటని ఊరుకున్నాను. దాన్ని మర్యాద అనుకున్నాను. అది పిరికితనం. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తుంటే కూడా నా మీద నాకు కోపం వస్తోంది.

నేను చెప్పని మాట గోపాలం చెప్పాడు. పవర్ హౌస్ బజారులో, ఆటోలు ఆగే చోట అతనికి వెల్డింగ్ దుకాణం ఉండేది. అతనిది తాతల కాలంలో మా వైపు నుంచే వచ్చి స్థిరపడిన రైల్వే కుటుంబం. గోపాలం గొట్టాన్ని చేతిలో తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"గట్టిదే బాబాయ్, కాదన్ను. గట్టిది అతుక్కి ఒప్పుకోదు. అతుకు బాగానే ఉంటాది, దాని పక్కన పగుల్తాది. సన్న గొట్టం తే. ఇత్తడి కరిగించి అతుకుతాను, అంత వేడి అక్కర్లేదు. దానికైతే నాది పూచీ."

"సన్న గొట్టమా? రేకు మీద పందేనికి పంపించమంటావేటి?"

"సైకిళ్లన్నీ రేకే బాబాయ్."

"నువ్వు గేట్లు, కిటికీలు అతుక్కునేవోడివి. నాకు ఇనుము నేర్పకు. సెప్పింది సెయ్యి."

పక్కనున్న ఆటోవాళ్లు నవ్వారు. గోపాలం ముఖం ఎర్రబడింది. "సేస్తాను. పగిలితే నా కాడికి రాకు," అన్నాడు.

ఫ్రేము తయారైంది. బరువుగా ఉందని ఛాయ అంది. బరువు లేనిదేదీ నిలవదని బావ అన్నాడు. ఆమె రోజూ తెల్లవారుతూనే దాని మీద సాధన చేసింది. తొమ్మిదో రోజు, ఎంపికకు ఇంకా పదహారు రోజులుండగా, కోహ్కా రోడ్డులో కల్వర్టు దాటి వాలులో వస్తూ స్పీడ్‌బ్రేకర్ ఎక్కింది. హ్యాండిలు దగ్గర గొట్టం పుటుక్కున తెగిపోయింది. ముందు చక్రం ఒక పక్కకు, ఛాయ ఒక పక్కకు. గడ్డం చీలింది, ముందు పన్ను సగం విరిగింది, మోచేతుల తోలు లేచిపోయింది. పాలవాడు ఆమెనూ, విరిగిన సైకిలునూ రిక్షాలో తెచ్చి ఇంట్లో దింపాడు.

తులసమ్మ ఏడుస్తూ రక్తం తుడుస్తోంది. ఛాయ ఏడవలేదు. గడ్డానికి గుడ్డ అదిమిపెట్టుకుని నావైపు చూసి అంది, "దో టుకడే అయిపోయింది మావయ్యా. ఇంకో గంట ఆగితే ట్రక్కులు వచ్చే టైము. సోచో, ఏమయ్యేదో."

బావ కూతురి దగ్గరికి రాలేదు. గుమ్మంలో పడున్న ఫ్రేము ముక్కలు రెంటినీ చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఏం చేస్తాడోనని నేనూ వెనకాలే వెళ్లాను.  గోపాలం దుకాణం ముందు ముక్కలను ధన్‌మని పడేశాడు.

"నా గుంట మొహం పగిలింది. నీ అతుకు పగలగొట్టింది."

కూరగాయలు కొనేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. గోపాలం చేతిలోని పని దించాడు. అతనికీ ఆ రోజు సహనం లేదు.

"నా అతుకు ఎక్కడ పగిలిందో సూపించు. అందర్లో సూపించు."

"ఇదేటి మరి?"

"అది నీ గొట్టం. నా అతుకు ఇదిగో, చెక్కు సెదరలేదు. ఏలు పెట్టి సూడు. నాను సెప్పినానా లేదా? ఈ ఆటోవోళ్లు ఇన్నారా లేదా? నవ్వినారు కూడాను. సూడు బాబాయ్, నువ్వు సూడాలి. నాను గేట్లోడిని, నాకేటి తెలుస్తాది?"

బావ వంగాడు. తెగిన అంచుని వెలుతురుకు తిప్పాడు. అతుకుకు వేలెడు దూరంలో తెగింది. ఎక్కడా సాగలేదు, వంగలేదు, గాజు విరిగినట్టు విరిగింది. విరిగిన చోటంతా పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ఆయనకు అది కొత్త కాదు. మిల్లులో పట్టా ముక్క మీద బరువు పడేసి పరీక్ష చేస్తారు. అలా మెరుస్తూ విరిగిన పట్టాను చూసి పక్కన పెట్టించడం ఎన్నోసార్లు ఆయనే చేశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ముక్కలు ఏరుకుని ఇంటిదారి పట్టాడు.

ఆ తర్వాతి మూడు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. అన్నం మెత్తబడిందని తిట్టాడు, గట్టిపడిందని తిట్టాడు. కూతురి కట్టు మార్చడానికి వచ్చిన కాంపౌండరుని చెయ్యి వణుకుతోందని తిట్టాడు. ఒక్క ఛాయని మాత్రం ఏమీ అనలేదు, ఆమె మొహమూ చూడలేదు. నాలుగో రోజు సాయంత్రం నేను వెళ్లేసరికి ఇంకో గొట్టం కోసం హథ్‌ఖోజ్ బయలుదేరుతున్నాడు.

"నాకు వద్దు," అంది ఛాయ లోపలినుంచి. కుట్లు లాగుతున్నాయేమో, పెదాలు కదపకుండా మాట్లాడుతోంది. "క్లబ్ సైకిలే తీసుకుంటా. కాళ్లు అందకపోయినా చలేగా."

"అందని సైకిలు మీద ఓడిపోతావు."

"ఓడిపోతా. చావను కదా."

తులసమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బావ గోడకున్న సైకిలు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. అది భిలాయి వచ్చిన కొత్తలో కొన్న నల్ల సైకిలు. దాని మీద రోజూ ప్లాంటుకి వెళ్లి వచ్చేవాడు. బియ్యం బస్తాలు, గ్యాసు బండలు, పురిటి నొప్పులతో మా చెల్లెలు, అన్నీ దాని మీదే.

ఛాయ గుమ్మంలోకి వచ్చింది. "ఒక్క సంగతి చెప్పు నాన్నా. నువ్వు ఎక్కేది ఏ లోహా? అదీ రేకేగా. ముప్పై ఏళ్లలో దాని మీద ఎప్పుడైనా పడ్డావా? నీకు రేకు, నాకు పట్టానా?"

 ఆయన సైకిలుని పెరట్లోకి నడిపించుకెళ్లి, తలకిందులు చేసి, సానరాయి తిప్పి, సీటు కింద గొట్టాన్ని ఆనించాడు. నల్ల రంగు కాలి కమురు వాసన వచ్చింది. రవ్వలు సూటిగా, పొడుగ్గా పోయి ఆరిపోయాయి. అక్కడొకటి ఇక్కడొకటి చిట్లింది, అంతే. మళ్లీ ఆనించాడు. మళ్లీ అంతే. లోకంలో ఇనుమంతా పరీక్ష చేసినవాడు తన కాళ్ల కిందున్న దాన్ని ఒక్కసారీ చేయలేదు.

గోడకున్న రంపం దించాడు.

"మావా, కొయ్యకు," అంది తులసమ్మ. "రేపు డ్యూటీకి ఏటి మీద ఎల్తావు?"

"కాళ్లున్నాయి."

కోశాడు. తెగిన గొట్టం అంచు రూపాయి బిళ్ల మందం కూడా లేదు. దాన్ని బొటనవేలితో తడిమి, ముప్పై ఏళ్లు మోసిన దాన్ని, "దొంగముండ," అన్నాడు. నాకు తెలిసి ఆయన మెత్తటి ఇనుముని మెచ్చుకోవడం అదే మొదలు.

మర్నాడు డ్యూటీ దిగి, గొట్టాలన్నీ గోనెలో చుట్టుకుని గోపాలం బల్ల మీద పెట్టాడు. క్షమించమనలేదు. గోపాలం గోనె విప్పి చూశాడు. ఆ సైకిలు ఎవరిదో అతనికి తెలుసు.

"ఇత్తడితోనేనా?" అన్నాడు.

"నీకు తెలిసినట్టు సెయ్యి."

"పందెం సైకిలంత తేలిగ్గా రాదు బాబాయ్. ముందే సెప్తన్నాను."

"పగల్దు కదా?"

"పగల్దు."

ఆదివారం పొద్దున కొత్త ఫ్రేముకి చక్రాలు బిగించి వీధిలో నిలబెట్టాడు గోపాలం. ఛాయ గడ్డం మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. హ్యాండిలు పట్టుకుంది గానీ ఎక్కలేదు.

"ముందు నువ్వు," అంది తండ్రితో.

యాభై ఏడేళ్ల మనిషి. ఆ సైకిలు ఆయనకు చిన్నది. మోకాళ్లు హ్యాండిలుకి తగులుతుంటే, పంచె ఎగ్గట్టి, కల్వర్టు దాకా వెళ్లి వాలులో వదిలాడు. స్పీడ్‌బ్రేకర్ ముందు బ్రేకు వేయలేదు. పెడళ్ల మీద లేచి, కావాలనే ఒళ్లంతా బరువు వేసి దాన్ని గుద్దించాడు. తిరిగి వెళ్లాడు, మళ్లీ గుద్దించాడు. వీధిలో జనం పోగయ్యారు. ఎవరో "చాచా రేసులో పోతున్నాడా" అని నవ్వితే వాడినీ తిట్టి మూడోసారి వెళ్లాడు. ఆ మనిషి ఆ రోడ్డు మీద పగబట్టి కొడుతున్నట్టుంది.

దిగి, ఆయాసపడుతూనే, జేబులోంచి చిన్న సీసా తీశాడు. అతుకుల దగ్గర కిరసనాయిలు రాసి, గుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. పగులుంటే లోపల ఇంకిన నూనె పొడి మీదికి గీతలా వస్తుంది. అందరం వంగి చూశాం. ఛాయ అందరికంటే దగ్గరగా, కళ్లార్పకుండా చూసింది. సుద్ద తెల్లగానే, ఎక్కడా గీత లేకుండా ఉండిపోయింది.

ఛాయ సుద్ద దులిపి, సైకిలెక్కి వెళ్లిపోయింది. అరగంట దాకా తిరిగి రాలేదు. ఆ అరగంటా బావ గేటు దగ్గరే నిలబడ్డాడు. టీ తెచ్చిన తులసమ్మని కసిరాడు.

బిలాస్‌పూర్‌లో ఛాయ మూడోదిగా వచ్చింది. నాలుగో అమ్మాయి సైకిలు తేలికైనదని, ఇంకో కిలోమీటరుంటే తనని దాటేసేదని ఆమే చెప్పింది. మరుసటి ఏడాది ఉద్యోగంలో చేరింది.

రిటైరయ్యే దాకా బావ ప్లాంటుకి నడిచే వెళ్లాడు. కోహ్కా నుంచి గేటు దాకా, ఎండలోనూ వానలోనూ. స్కూటరు ఆపి ఎక్కమన్నవాళ్లు తిట్లు తిన్నారు. నేను ఆపినప్పుడూ అంతే. "నీకు ముందే తెలుసు గదా బావా," అన్నాడు ఒకసారి. తులసమ్మ చెప్పి ఉంటుంది. నేను ఆమెకొక్కర్తికే ఆ పుస్తకం సంగతి చెప్పుకున్నాను. "తెలిసి నోరు మూసుకున్నావు. గోపాలం నయం, మొహం మీద సెప్పినాడు." స్కూటరు తోసుకుంటూ గేటు దాకా ఆయన పక్కనే నడిచాను. 

ఉద్యోగం వచ్చాక మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఛాయ, అప్పటికే రిటైరైన తండ్రికి కొత్త సైకిలు తెచ్చింది. పసుపు రాసి, బొట్టు పెట్టి వీధిలో నిలబెట్టింది. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి, తలకిందులు చేసి, సానరాయి తిప్పాడు.

"కొత్త సైకిలుకి నిప్పెట్టేస్తన్నాడు," అని తులసమ్మ అరుస్తూ పరిగెత్తింది. "ఛాయా, సూడే నీ బాబుని."

రంగు కాలింది. రవ్వలు సూటిగా పోయి ఆరిపోయాయి.

"నక్షత్రాల్లేవు," అన్నాడు బావ. "మంచిదే."

ఆ కాలిన మచ్చతోనే మర్నాడు పొద్దున్నే పవర్ హౌస్ వైపు తొక్కుకుంటూ పోయాడు, గోపాలానికి చూపించడానికి.