పిప్పి కషాయం

అసకుస పేటలో కథాశాలలకి వెళ్ళేవాళ్ళ నోరు మంచిది కాదు. సొంత సరుకు లేని కథకుణ్ణి వాళ్ళు పిప్పి కషాయం అంటారు. ఒకసారి పిండేసిన మూలికల్నే మళ్ళీ మరగబెడితే వచ్చే నీళ్ళన్నమాట. ఆ మాట కుర్ర కథకుడు హగిమారుని జిడ్డులా పట్టుకుంది.

తప్పు వాడిదా? అక్కడ కథని రాసుకోనివ్వరు. గురువు ఎదురుగా కూర్చుని మూడుసార్లు చెబుతాడు, శిష్యుడు ఊపిరితో సహా దించేసుకోవాలి. వాడి గురువు హగిజో తాగుబోతు కథ నేర్పిన రోజుల్లో ఆయనకి క్షయ. తాగుబోతు పెళ్ళాన్ని తలుపు తియ్యమని బతిమాలేచోట గొంతు పెంచాలి. పెంచినప్పుడల్లా దగ్గొచ్చేది. హగిమారు వెర్రిబాగులవాడు, అదీ కథలోదే అనుకున్నాడు!

అప్పజెప్పినప్పుడు గురువు దిద్దలేదు. తక్కిన శిష్యుల్ని కేకేసి మళ్ళీ చెప్పించాడు.

"చూడండర్రా, నా రోగాన్ని కూడా దించేశాడు! ఒరేయ్ పిప్పి కషాయం, రేపు నేను చస్తే నువ్వూ చస్తావుట్రా?"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ మహానుభావుడు మంచాన పడితే కఫం గిన్నె ఎత్తిపోసింది మాత్రం హగిమారే.

గురువు పోయిన ఏడాదికి సంస్మరణ సభ పెట్టారు. ఆ రోజు మెప్పిస్తే హగిజో అన్న గురువు పేరు ఇక నీదేనన్నారు పెద్దలు. పేరొస్తే ఈ పాడు మాట వదులుతుందని వాడి ఆశ. దగ్గు లేకుండా చెప్పడం నెలల తరబడి సాధన చేశాడు.

వేదిక మీద ఆ చోటు రానే వచ్చింది. "ఏమేవ్, తలుపు తియ్యవే, చలికి చస్తున్నానే..."

దగ్గు తన్నుకొచ్చింది. ఎంత బిగబట్టినా ఆగలేదు. గురుసేవలో అంటుకున్న అసలు దగ్గు అది.

"వచ్చేసిందిరోయ్ పిప్పి కషాయం!" ముందువరసలోంచి టోఫు అమ్మే కిసాబురో అరిచాడు. హగిమారు రుమాలు ఎర్రబడింది. "రంగు కూడా తెచ్చుకున్నాడర్రోయ్!"

తెర పక్కన నిలబడ్డ గురుపత్ని ఒకినె అలాంటి రుమాళ్ళు ఎన్నో ఉతికింది. ఆవిడకి అర్థమైంది. సభ నిండుగా ఉంది కదా, నోరు మెదపలేదు.

వాడు ఎలాగో కథ ముగించి, నేలకి నుదురు ఆనించి దండం పెట్టాడు. చప్పట్లు మోగాయి, ఆగిపోయాయి. తల లేవలేదు.

"శభాష్!" అన్నాడు కిసాబురో. "ఇదొక్కటీ గురువు దగ్గర ఎప్పుడూ చూళ్ళేదు."